కంపెనీ రెడ్‌ల పడ్డదంట, సౌదీల ఉన్న తమ్ముని అకామా సంగతేంది?

దేవరకొండ దిక్కు నుంచి ఒక అన్న అడిగిండు. తమ్ముడు రియాద్‌ల నాలుగేండ్ల సంది మేస్త్రీ పని చేస్తుండు, జీతం 1800 రియాల్లు, మూడు నెలల సంది పైసలు లేవు, అకామా (ఆడ ఉండేటందుకు ఇచ్చే పర్మిట్) అయిపోయింది, కఫీల్‌ని (పనిల పెట్టుకున్న సౌదీ యజమానిని) అడిగితే "కంపెనీ రెడ్‌ల పడ్డది, మావోళ్లకే కొలువుల్లేవు, ఈ కాయితం మీద సంతకం పెట్టి ఇంటికి పో" అంటుండట. రెడ్ అంటే సరిపడ సౌదీలను పెట్టుకోని కంపెనీల లెక్క. పంపిన ఏజెంటేమో అప్పట్ల లక్షా ఇరవై వేలు తీసుకున్నడు.

అన్నా, ఆ సంతకం పెట్టొద్దని ఇయ్యాల్నే ఫోన్ చేసి చెప్పు. అది అరబ్బీల ఉంటది, రాజీనామా అయి ఉండొచ్చు. వాళ్ల లేబర్ లా లెక్కన ఏడాదికి సగం నెల జీతం చొప్పున నాలుగేండ్లకు 3600 రియాల్లు రావాలె, రాజీనామా ఇచ్చినోడికైతే అందుల మూడో వంతు, అంటే 1200 చేతిల పెడతరు, ఒక్క సంతకంతోని మిగిలిన 2400 పోతది.

వాళ్ల పిల్లలకు నౌకర్లు లేవని సౌదీ సర్కారు 2011ల నితాఖత్ అనే రూల్ తెచ్చింది, కంపెనీల ఇంతమంది సౌదీలు ఉండాల్సిందే, లేకుంటే రెడ్, ఇగ అకామాలు రెన్యువల్ కావు. అది వాళ్ల పాలసీ, మనం కొట్లాడలేం. కానీ సౌదీలను పెట్టుకోకపోవుడు కంపెనీ తప్పు గదా, తమ్ముడు ఎందుకు మునగాలె? అకామా ఫీజు, లేటైతే పడే ఫైను, వాపస్ టికెట్ అన్నీ యజమానియే కట్టాలని వాళ్ల లేబర్ లా 40వ ఆర్టికల్‌లనే ఉంది.

ఇంకా పని చేసుకోవాలనుకుంటే, అకామా అయిపోయినా, వరుసగా మూడు నెలలు జీతం రాకున్నా, కఫీల్ ఒప్పుకోకున్నా వేరే కంపెనీకి మారొచ్చని 2021 మార్చి నుంచి రూల్ ఉంది, కివాల (సౌదీ సర్కారు లేబర్ వెబ్‌సైట్) పెట్టుకోవాలె, కొత్త కంపెనీ కూడా రెడ్‌ల లేకుండా చూస్కోవాలె.

చెప్పకుండ క్యాంపు ఇడిచి ఖల్లివెల్లి (కాయితాలు లేకుండ పారిపోయి బతికేటోడు) మాత్రం కావొద్దు. కఫీల్ హురూబ్ (పనోడు పారిపోయిండని కంప్లయింట్) పెట్టిండంటే బాకీ అడిగే మనిషే దొంగ లెక్క దాక్కోవాల్సొస్తది, నాకు మస్తు భయం ఇదే. అంతకు ముందే లేబర్ ఆఫీసుల కంప్లయింట్ పడాలె, ముందుగాల రాజీకి పిలుస్తరు, కుదరకుంటే లేబర్ కోర్టుకు పోతది. నువ్వు ఈడ్నుంచి మదద్ పోర్టల్‌ల (మన విదేశాంగ శాఖ కంప్లయింట్ వెబ్‌సైట్) ఎంబసీకి పెట్టు.

ఏజెంట్ సంగతి. రిజిస్టరైనోడైనా 30,000, దాని మీద జీఎస్టీ తప్ప రూపాయి ఎక్కువ తీసుకోవద్దు, లైసెన్స్ లేనోడైతే పంపుడే నేరం. హైదరాబాద్‌ల ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కు (విదేశాలకు పోయే కూలీల సంగతి చూసే కేంద్ర సర్కారు ఆఫీసరు) రాసియ్యి, ఠాణాల కూడా ఇయ్యి. నాలుగేండ్ల కిందటిది కాబట్టి కొత్త చట్టం కాదు, పాత ఐపీసీ 420 (మోసం) కింద రాయమను. పైసలు ఫోన్‌పేల కొట్టినవా, బ్యాంకుల ఏసినవా, ఆ రుజువులు ముందే తీసి పెట్టుకో.