మీ ప్రశ్నలు – మా జవాబులు: మందు, స్టీరింగు

ప్రశ్న: నా బరువు 70 కిలోలు. వారానికోసారి స్నేహితులతో కూర్చుని ఒక్క పెగ్గు తాగుతాను. తల తిరగదు, మాట తడబడదు. అయినా పోలీసుల మెషిన్‌లో దొరుకుతానా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: దొరికే అవకాశమే ఎక్కువ. మన దగ్గర విస్కీ సీసా మీద మామూలుగా 42.8 శాతం అని ఉంటుంది. ఆ లెక్కన 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఆల్కహాలు దాదాపు 20 గ్రాములు. అది 70 కిలోల మగవాడి ఒంట్లో కలిస్తే 100 మిల్లీలీటర్ల రక్తానికి సుమారు 40 మిల్లీగ్రాములు తేలుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పెట్టిన హద్దు 30. కడుపు నిండా తిని తాగితే ఆల్కహాలు రక్తంలోకి నిదానంగా చేరుతుంది, అంకె కొంత తగ్గుతుంది. ఖాళీ కడుపున తాగితే గంటలోపే పైకి పోతుంది. 55 కిలోల స్త్రీకైతే అదే పెగ్గుతో 65 దాటవచ్చు. ‘బీరే కదా’ అనుకోవడానికీ లేదు. 7 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 36 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అంటే ఒకటిన్నర పెగ్గు కంటే ఎక్కువే.

తల తిరగడం లేదన్న ధీమాయే మమ్మల్ని ఎక్కువ భయపెడుతుంది. కాళ్లు తడబడటం చాలా తర్వాతి సంగతి. అంతకంటే ముందే, 100 మిల్లీలీటర్ల రక్తానికి 20 మిల్లీగ్రాముల దగ్గరే, కదిలే వస్తువును కంటితో వెంబడించడం, ఒకేసారి రెండు పనుల మీద దృష్టి పెట్టడం దెబ్బతింటాయి. రాత్రి పూట రోడ్డు పక్కన రిఫ్లెక్టర్ లేకుండా ఆపిన ట్రాక్టర్ ట్రాలీ, ఎదురుగా హైబీమ్‌తో వచ్చే లారీ: సరిగ్గా అక్కడ కావలసింది ఆ రెండే. 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 16 మీటర్ల పైనే పోతుంది. బ్రేకు మీద కాలు పడటం అర సెకను ఆలస్యమైతే చాలు, 8 మీటర్లు ముందుకెళ్లిపోతారు.

ప్రశ్న: పెళ్లి విందులో రాత్రి 9 నుంచి 12 దాకా నాలుగు పెగ్గులు పడ్డాయి. నిద్రపోయి, లేచి, మజ్జిగ తాగి ఉదయం 6కి కారు తీయవచ్చా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: తీయకండి. 70 కిలోల మనిషికి నాలుగు పెగ్గులంటే 100 మిల్లీలీటర్ల రక్తానికి 170 మిల్లీగ్రాముల దాకా లెక్క వస్తుంది. కాలేయం గంటకు తీసేసేది సుమారు 15. మొదటి పెగ్గు నుంచే లెక్కేసినా ఆరింటికి 9 గంటలు, అంటే 135 పోయి ఇంకా 35 మిగిలే ఉంటుంది. కొందరిలో గంటకు 10 మాత్రమే తగ్గుతుంది, వాళ్లకు అప్పటికి 80 ఉంటుంది. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీటి స్నానం ఏవీ కాలేయాన్ని తొందరపెట్టలేవు. నిద్ర కూడా అంతే. మధ్యాహ్నం దాకా ఆగండి, లేదా తాగని వాళ్లకు తాళాలివ్వండి.

ప్రశ్న: ఊదనని చెప్పే హక్కు నాకు లేదా? దొరికితే బండి లాక్కుంటారా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సరైన కారణం లేకుండా నిరాకరిస్తే, మోటారు వాహనాల చట్టం 205వ సెక్షన్ ప్రకారం ఆ నిరాకరణనే కోర్టులో మీకు వ్యతిరేకంగా చూపవచ్చు. కొత్త పైపు అడగండి, అది న్యాయమే. అప్పుడే మౌత్‌వాష్ వాడి ఉంటే నోట్లో మిగిలిన ఆల్కహాలు అంకెను పెంచుతుంది. ఆ సంగతి చెప్పి, నోరు కడుక్కుని, 15 నిమిషాలాగి ఊదుతానని అడగండి. మొదటిసారి నేరానికి ఆరు నెలల వరకు జైలు, 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు, 15,000 జరిమానా, లేదా రెండూ. బండి విషయంలో తెలంగాణ హైకోర్టు 2021లో స్పష్టంగా చెప్పింది: తాగని, లైసెన్సు ఉన్న మనిషి వెంట ఉంటే బండి ఆయనకు అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులనో స్నేహితులనో పిలిపించాలి.

ప్రశ్న: తాగి ఉన్న స్నేహితుడికి నా కారిచ్చాను. గుద్దితే ఇన్సూరెన్స్ వస్తుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ కారు మరమ్మతుకు రాదు, పాలసీ షరతుల్లోనే మినహాయింపు ఉంటుంది. దెబ్బ తిన్నవాళ్లకు కంపెనీ చెల్లించినా, ఆ సొమ్ము మీ దగ్గర వసూలు చేసుకోమని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదేశించవచ్చు. అది లక్షల్లో ఉంటుంది. తాగాడని తెలిసి తాళాలిస్తే 188వ సెక్షన్ కింద మీకూ అదే శిక్ష.

ప్రశ్న: కల్లు తాగితే మెషిన్‌లో తక్కువే చూపిస్తుందంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: కల్లు పులిసే కొద్దీ ఆల్కహాలు పెరుగుతుంది, కాబట్టి పొద్దున దించినదీ సాయంత్రం తాగేదీ ఒకటి కావు. అంతకంటే పెద్ద ప్రమాదం కల్తీ కల్లు. అందులో ఆల్ప్రాజోలం, డైజిపామ్ లాంటి నిద్రమాత్రల మందులు కలపడం ఎక్సైజ్ దాడుల్లో ఎన్నోసార్లు బయటపడింది. బ్రెత్ అనలైజర్ వాటిని పట్టలేదు, మీ కళ్లు మాత్రం మూతపడతాయి. పోలీసులు ఆపి రక్తపరీక్షకు పంపితే, అలాంటి నిద్రమాత్రల మత్తులో నడిపినందుకు కూడా 185వ సెక్షనే వర్తిస్తుంది.