గజ్జి మాత్రలు మొదలుపెట్టాక కుక్క రొప్పుతోంది, ఆపేయవచ్చా?

ప్రశ్న: మా జీడితోటకు, మేకలకు కాపలా ఉండే నాటుకుక్కకు అయిదేళ్లు. బరువు 18 కిలోలు. ఒళ్లంతా గోక్కుంటుంటే మందుల దుకాణంలో అడిగి 10 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ మాత్ర ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి వేస్తున్నాం. నాలుగు వారాలైంది. దురద తగ్గింది గానీ, చల్లటి రాత్రి కూడా నాలుక బయటపెట్టి రొప్పుతోంది. నీళ్లు విపరీతంగా తాగుతోంది, పొట్ట పెరిగింది. మాత్రలు వెంటనే ఆపేయమంటారా?
– ఒక రైతు, పర్లాకిమిడి సమీపం, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: ఒక్కసారిగా మాత్రం ఆపవద్దు. ప్రెడ్నిసొలోన్ ఒక స్టెరాయిడ్ మందు. నాలుగు వారాలు బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే, ఒంట్లో అలాంటిదాన్నే తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానుకుంటాయి. మాత్ర హఠాత్తుగా ఆగితే అవి అంత త్వరగా తేరుకోలేవు. కుక్క వాంతులు చేసుకుని, నీరసించి కూలబడవచ్చు. దురదకు సాధారణంగా రోజుకు కిలో బరువుకు అర నుంచి ఒక మిల్లీగ్రాము, అదీ కొద్ది రోజులే వాడి తగ్గిస్తూ వస్తారు. మీ కుక్కకు మోతాదు కాస్త ఎక్కువ, రోజులు బాగా ఎక్కువ. ఎలా తగ్గించాలో పశువైద్యుడే రాసివ్వాలి.

మనుషుల ఉబ్బసానికి వాడే మందే కుక్కను రొప్పించడం విచిత్రంగా అనిపిస్తుంది. స్టెరాయిడ్‌తో కాలేయం ఉబ్బి ఊపిరితిత్తుల వైపు నెడుతుంది. కండరాలు కరిగి పొట్ట జారుతుంది, ఊపిరి తీసే బలమూ తగ్గుతుంది. మూత్రం ఎక్కువగా పోతుంది కాబట్టే అంత దాహం. వసారా పాడుచేస్తోందని నీళ్ల గిన్నె తీసేయకండి.

అయితే ప్రతి రొప్పునూ మాత్ర ఖాతాలో వేయలేం. ఈ రాత్రి కుక్క గాఢంగా నిద్రపోయాక కాస్త దూరంగా కూర్చోండి. డొక్క ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉంటే కంగారు లేదు. రెండు మూడు సార్లు చూసినా 30 దాటితే గుండె, ఊపిరితిత్తులు పరీక్షించాలి. కొండముచ్చు వెనక పరుగెత్తి వచ్చిన కుక్కను లెక్కపెడితే ప్రయోజనం లేదు.

పెదవి ఎత్తి చిగుళ్లు కూడా చూడండి. గులాబీ రంగు మంచిది. నల్లటి చిగుళ్లయితే కింది కనురెప్ప లోపల చూడండి. పాలిపోతే పిడుదుల వల్ల వచ్చే జ్వరంతో రక్తం తగ్గి ఉండవచ్చు, దానివల్లా రొప్పు వస్తుంది. నీలిరంగు తిరిగినా, మెడ చాచి మోచేతులు ఎడం పెట్టి పడుకోలేక కూర్చున్నా, రొప్పు ఉన్నట్టుండి ముంచుకొచ్చినా తెల్లవారేదాకా ఆగకండి. స్టెరాయిడ్ వాడకంలో అరుదుగా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకడుతుంది. దగ్గు, జ్వరం ఉంటే న్యుమోనియా అనుమానించాలి.

జ్వరమనో నొప్పులనో డైక్లోఫెనాక్, మెలాక్సికామ్, ఐబుప్రొఫెన్ లాంటివి ప్రెడ్నిసొలోన్‌కు తోడు వేయవద్దు. కడుపులో పుండ్లు పడతాయి. విసర్జన తారులా నల్లగా వస్తే అదే గుర్తు.

ఇంతకీ దురద ఎందుకు వచ్చిందో ఎవరూ చూడలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. డెమోడెక్స్ అనే పురుగు వల్ల వచ్చే గజ్జి అయితే, స్టెరాయిడ్ వేసిన కొద్దీ పురుగు పెరుగుతుంది. చర్మం గీకి మైక్రోస్కోపు కింద చూస్తే తేలిపోతుంది. పర్లాకిమిడి పశువైద్యశాలలో చూపించినా, ఇటు ఆంధ్రలోని గరివిడి పశువైద్య కళాశాలకు తెచ్చినా, వాడుతున్న మాత్రల అట్ట, మీరు లెక్కపెట్టిన ఊపిరుల కాగితం వెంట తెచ్చుకోండి.