రాడార్ ఉండగా మబ్బులు చూసే హ్యామ్‌లతో పనేంటి? ఉత్తర టెక్సాస్ నుంచి నా అనుభవం

మీరు అడిగినవి రెండు. మబ్బులో గాలి కదలికని కూడా కొలిచే ఇంత పెద్ద డాప్లర్ రాడార్లు ఉండగా, హ్యామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని అభిరుచిగా నడిపే సొంత రేడియో) పట్టుకుని ఆకాశం చూసేవాళ్ళ అవసరం ఏముంది? ఈమధ్యే టెక్నీషియన్ లైసెన్స్ (అమెరికాలో హ్యామ్‌లకిచ్చే మొదటి స్థాయి లైసెన్స్) తెచ్చుకున్న మీరు వాళ్ళలో చేరొచ్చా? చేరొచ్చు, తప్పకుండా చేరండి. మొదటి అనుమానం నాకూ ఉండేది, అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్తాను.

రాడార్ కిరణం నేలని ఆనుకుని వెళ్ళదు. దాని అన్నిటికంటే కింది కోణం సుమారు అర డిగ్రీ పైకే ఉంటుంది, దానికి తోడు భూమి గుండ్రం, కాబట్టి 60 మైళ్ళు వెళ్ళేసరికి ఆ కిరణం నేలకి 4,000 అడుగులకు పైనే ఉంటుంది. మబ్బులో సుడి తిరుగుతోందని అది చెప్పగలదు, కానీ ఆ సుడి నేలకి దిగిందా లేదా, అంటే టోర్నడో అయిందా అన్నది చాలాసార్లు కింద నిలబడి చూసినవాళ్ళే చెప్పాలి. రేకులు, చెక్కలు గాల్లోకి లేచాక రాడార్‌కీ తెలుస్తుంది, నిజమే, కానీ అప్పటికే ఎవరి ఇంటి కప్పో ఎగిరిపోయి ఉంటుంది. అమెరికా వాతావరణ శాఖ అయిన నేషనల్ వెదర్ సర్వీస్, ఇలా ఆకాశం చూసి చెప్పే వాలంటీర్ల (స్పాటర్ల) కోసం స్కైవార్న్ అనే కార్యక్రమాన్ని 1970లలో మొదలుపెట్టింది, ఇప్పటికీ నడుపుతోంది ఇందుకే.

నా మొదటి సీజన్‌లో, ఒక ఏప్రిల్ సాయంత్రం, ఊరి చివర ఒక పార్కింగ్ స్థలంలో కారులో కూర్చుని చూస్తున్నాను. నైరుతి వైపు మబ్బు కింద చిరిగిన గుడ్డపేలికలా ఏదో వేలాడుతూ కనిపించింది. గుండె దడదడలాడింది, వెంటనే మైకు నొక్కి ఫనెల్ క్లౌడ్ (మబ్బు నుంచి గరాటులా కిందికి దిగే సుడి) అనేశాను. నెట్ కంట్రోల్‌లో, అంటే మేమందరం ఒకే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుకునే నెట్‌ని నడిపే చోట, ఉన్నాయన గొంతు కొంచెం కూడా మారలేదు. "అది తిరుగుతోందా? దాని కింద నేల మీద దుమ్ము లేస్తోందా? రెండు నిమిషాలు కన్ను తిప్పకుండా చూసి చెప్పండి" అన్నారు. చూశాను. అది తిరగడం లేదు, గాలికి పక్కకి కొట్టుకుపోతూ ముక్కలైపోతోంది. దాన్ని స్కడ్ అంటారు, కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది దాని దగ్గరే. నా రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నానని రేడియోలోనే చెప్పాను. ఆయన అలా అడగకపోయి ఉంటే ఎన్ని ఇళ్ళవాళ్ళు పిల్లల్ని తీసుకుని ఉత్తపుణ్యానికి, తలదాచుకోవడానికి బాత్రూముల్లోకి పరిగెత్తేవాళ్ళో! అలా నాలుగుసార్లు జరిగితే ఐదోసారి ఎవరూ కదలరు.

ఒక ఇరవై నిమిషాల తర్వాత వడగళ్ళు పడ్డాయి. తగ్గేదాకా కారులోనే ఉండి, దిగి ఒకటి ఏరి క్వార్టర్ (పావు డాలర్) నాణెం పక్కన పెట్టి చూశాను, దానికంటే కాస్త పెద్దదే. ఉరుముల గాలివానని తీవ్రమైనది అనడానికి వడగళ్ళకి హద్దు 1 అంగుళం, అంటే దాదాపు ఆ నాణెం అంత. గాలికైతే గంటకి 58 మైళ్ళు. ఈసారి కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే నా రేడియో గుర్తు), ఏ రెండు రోడ్ల కూడలి, ఎన్ని గంటలకి, ఎంత సైజు, నాణెంతో పోల్చి చూశానా లేక కంటి అంచనానా, ఇంతే చెప్పాను. కాసేపటికి వచ్చిన హెచ్చరికలో, సమాచారం ఎక్కడిదో చెప్పే చోట, ట్రైన్డ్ వెదర్ స్పాటర్స్ అని ఉంది. ఆ లైను ఎన్నిసార్లు చదువుకున్నానో. ఆ రోజుతో రాడార్ ఉండగా నేనెందుకన్న ప్రశ్న నాకు మళ్ళీ రాలేదు.

స్పాటర్ శిక్షణ ఉచితం, సుమారు రెండు గంటలు పడుతుంది, దానికి హ్యామ్ లైసెన్స్ కూడా అక్కర్లేదు. మరి రేడియో దేనికంటే, కరెంటు పోయి సెల్ టవర్లు మొరాయించినా రిపీటర్ (మన సిగ్నల్‌ని అందుకుని దూరానికి మళ్ళీ పంపే స్టేషన్) బ్యాటరీ మీద నడుస్తుంటే నెట్ సాగుతుంది, పైగా ఒకరు చెప్పింది అందరికీ ఒకేసారి వినిపిస్తుంది. అందుకే నెట్‌లో నోరు అదుపులో పెట్టుకోవాలి. మా దగ్గర చినుకులు పడుతున్నాయని చెప్పడానికి మైకు నొక్కితే, ఆ అర నిమిషంలో టోర్నడో కళ్ళారా చూసినవాడి మాట ఆగిపోవచ్చు. మొదటి కొన్ని నెట్‌లు ఊరికే వినండి. కారు లోపలి నుంచి 5 వాట్ల హ్యాండ్‌సెట్‌ని దాని పొట్టి యాంటెన్నాతోనే వాడితే సిగ్నల్‌ని చాలావరకు కారు రేకే ఆపేస్తుంది, టాప్ మీద అయస్కాంతంతో అతుక్కునే యాంటెన్నా పెట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నా మాట వినండి, ఉరుముల గాలివాన వెంట పడొద్దు. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర టోర్నడో 2.6 మైళ్ళ వెడల్పుకి పెరిగింది, కారులో వెళ్తున్న ముగ్గురు అనుభవజ్ఞులైన పరిశోధకులు దానికి చిక్కి చనిపోయారు. మీరు ఉన్నచోటి నుంచి కనిపించింది చెప్పండి చాలు. బయట ఆగితే బండి ముందుభాగం తప్పించుకునే దారి వైపు ఉండాలి, ఇంజను ఆపొద్దు. చీకటి పడితే ఇంటికి వచ్చేయండి, మెరుపులు దగ్గరపడకముందే ఇంటి మీది యాంటెన్నా కేబుల్ ఊడదీయండి.

బండిలో ఒక చిన్న స్కేలు కూడా పెట్టుకోండి, వడగళ్ళు చేతిలో చాలా తొందరగా కరిగిపోతాయి.