వన్‌టౌన్ టౌన్‌హాల్‌లో చూడ్డానికి ఏముంది?

వైజాగ్‌లో ఒక్కరోజే ఉంటాం, ఆర్కే బీచ్ వదిలేసి పాత టౌన్‌హాల్ కోసం వన్‌టౌన్ (వైజాగ్ పాత ఊరు) దాకా వెళ్లాలా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది ఆ పక్క సందుల్లోనే. తప్పకుండా వెళ్లండి. పొద్దున్నే అయితే ఇంకా మంచిది, ఏటవాలు ఎండలో రాళ్ల గరుకు బాగా తెలుస్తుంది.

బొబ్బిలి రాజావారు వెంకట శ్వేతాచలపతి రంగారావు గారి విరాళంతో కట్టిన హాలు అది. 1893లో మొదలై 1904కి పూర్తయింది. అప్పటికి మనకు హార్బరే లేదు, అది తెరిచింది 1933లో. ఓడలు దూరంగా లంగరేస్తే మనుషులూ సరుకూ పడవల మీద ఒడ్డుకి రావాల్సిందే. ఊరంటే ఈ వన్‌టౌనే. ఆ ఊళ్లో నలుగురూ ఒకచోట చేరడానికి ఇంత గట్టి రాతి కట్టడం లేపారంటే, నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కమాన్లు ఎలాగూ అందరూ ఫొటో తీసుకుంటారు. మీరు దగ్గరికెళ్లి రాయికీ రాయికీ మధ్య అతుకులు చూడండి. ఎందుకంటున్నానంటే, మా తాతల నాటి ఇల్లు డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నం గారతో కట్టింది. గోడ పెచ్చులూడుతోందని నాన్నగారు సిమెంటు పూత వేయించారు. రెండు వానాకాలాలు తిరక్కుండానే పూత ఉబ్బింది. వేలితో నొక్కితే తెల్లటి ఉప్పు పొడి, వెనకాల పాత ఇటుక పిండిలా రాలిపోయింది. సున్నం లోపలి చెమ్మని బయటికి వదిలేస్తుంది, సిమెంటు లోపలే బంధిస్తుంది, మన ఉప్పుగాలికి అది ఇంకా చేటు అని ఒక ముసలి తాపీమేస్త్రి చెప్పాడు. మొత్తం చెక్కించి మళ్లీ సున్నమే వేయించాం. అప్పటినుంచీ పాత గోడ కనిపిస్తే నా కళ్లు ముందు అతుకుల మీదకే పోతాయి. ఇలాంటి కట్టడాలకు మరమ్మతు చేసేవాళ్లు తొందరపడి సిమెంటు పూయకూడదని నా గట్టి కోరిక.

చూశాక వెంటనే ఆటో ఎక్కేయకండి. కురుపాం మార్కెట్ వైపు నడవండి, విక్టోరియా మహారాణి విగ్రహం కూడా ఆ చుట్టుపక్కలే. హార్బర్ వైపు తిరిగితే పక్కపక్కనే మూడు కొండలు: ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఓపికుంటే ఏదో ఒకటి ఎక్కండి, పాత ఊరంతా పైనుంచి కనిపిస్తుంది.