మారిపోయే డ్యూటీల మధ్య ఆన్‌లైన్ కోర్సు: నేను పాటించిన పద్ధతి

మెడికల్ పీజీలో చేరి వార్డు డ్యూటీలతోపాటు వీడియో పాఠాల కోర్సు కూడా తీసుకున్నాననీ, డ్యూటీ వేళలు వారానికో రకంగా మారడం వల్ల ఏ టైంటేబులూ నిలవడం లేదనీ, చూడవలసిన పాఠాలు పేరుకుపోతున్నాయనీ మీరు రాశారు. నేను కూడా జనరల్ మెడిసిన్ శిక్షణను ఇటువంటి వేళల్లోనే పూర్తి చేశాను కనుక, అప్పుడు పనికొచ్చిన పద్ధతిని వివరిస్తాను.

ముందుగా ‘రోజుకు ఇన్ని గంటలు’ అనే లెక్కను పక్కన పెట్టండి. డ్యూటీ నడుస్తున్నప్పుడు, నైట్ డ్యూటీ దిగిన ఉదయం, నిద్ర తీరిన సెలవు రోజున మనిషి ఒకేలా ఉండడు. అందుచేత ఏ సమయంలో ఎటువంటి చదువు సాగుతుందన్నది ముందు తేల్చుకోవాలి.

ఫోన్ ఎప్పుడు మోగుతుందో తెలియని డ్యూటీలో వీడియో చూడడం దాదాపు వృథా. ఎక్కడ ఆపామో గుర్తు తెచ్చుకోవడానికే సగం సమయం పోతుంది. ల్యాబ్ రిపోర్టు కోసం ఎదురుచూసే పది నిమిషాల్లో మాత్రం నాలుగైదు ప్రశ్నలకు జవాబులు వెతుక్కోవచ్చు, మధ్యలో లేచి వెళ్లినా నష్టం లేదు. పైగా ప్రశ్నల అభ్యాసం తక్కువ రకం చదువేమీ కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికె 2006లో చేసిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు గానీ, వారం తర్వాత పెట్టిన పరీక్షలో చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారిదే పైచేయి అయింది. ఆంకీ వంటి ప్రశ్న–జవాబు కార్డుల యాప్ వాడేవారైతే ఒక జాగ్రత్త తీసుకోవాలి. అందులో కొత్త కార్డుల సంఖ్య మామూలుగా రోజుకు 20గా ఉంటుంది. నైట్లు పడిన వారంలో దానిని సున్నా చేసి, పాతవాటిని మాత్రమే తిరగేయండి. లేకపోతే వారం చివర పేరుకున్న కార్డులను చూసి యాప్ తెరవడమే మానేస్తాం.

ఇక ఏ పాఠం ముందు చూడాలన్నది కోర్సు వరుసకు వదిలేయకుండా, వార్డులో చూసిన కేసును బట్టి నిర్ణయించుకోవడం నాకు అన్నిటికన్నా మేలు చేసింది. ఉదాహరణకు, మగతగా ఉన్న రోగికి రాత్రి పంపిన రిపోర్టులో రక్తంలో సోడియం 112 అని, అంటే బాగా తక్కువగా, వచ్చిందనుకోండి. సీనియర్ చెప్పినట్లు 3 శాతం సెలైన్ (గాఢమైన ఉప్పు ద్రావణం) మొదలుపెడతాం, గంటల లెక్కన రిపోర్టులు పంపుతాం. కానీ సోడియం ఎందుకు తగ్గింది, మూత్రంలో సోడియం, ఆస్మొలాలిటీ (కరిగిన పదార్థాల గాఢత) ఏం చెబుతాయి, 24 గంటల్లో పెరుగుదల లీటరుకు 8–10 మిల్లీమోల్స్ దాటకూడదని ఎందుకంటారు అన్న ప్రశ్నలు అప్పటికి తీరవు. నేను వాటిని జేబులోని చిన్న నోటుపుస్తకంలో రాసుకొని, సెలవు రోజున ఆ పాఠంలో ఆ భాగం మాత్రమే చూసేవాడిని. త్వరగా సరిచేస్తే ఆస్మోటిక్ డీమైలినేషన్ (మెదడులో నరాల పైపొర దెబ్బతినడం) వస్తుందన్న మాట పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నిలవలేదు గానీ, ఆ రోగి రిపోర్టుల వరుసను మనసులో పెట్టుకొని విన్నాక మరచిపోలేదు. ఫోన్‌కు బదులు నోటుపుస్తకం ఎందుకంటే, మంచం పక్కన నిలబడి ఫోన్ చూసే డాక్టరును రోగి బంధువులు ఏమనుకుంటారో చెప్పనక్కర్లేదు. అందులో రోగి పేరు, మంచం నంబరు వంటివి రాయకండి. ప్రశ్న ఒక్కటి చాలు.

నైట్ దిగిన ఉదయం ఏమీ చదవకండి. వరుసగా 17 గంటలు మేలుకొన్నవారి పనితీరు, రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్నవారి పనితీరు స్థాయికి పడిపోతుందని 1997లో పరిశోధకులు డాసన్, రీడ్ చూపించారు. ఆ స్థితిలో విన్న పాఠాన్ని ‘పూర్తయింది’ అని గుర్తు పెట్టుకోవడం మనల్ని మనమే మోసగించుకోవడం. చదివినది జ్ఞాపకంలో కుదురుకోవడానికి కూడా నిద్రే కావాలి కనుక, ఆ ఉదయం నిద్రను చదువులో భాగంగానే లెక్కవేయండి.

సెలవు రోజున మాత్రం, నిద్ర తీరాక, రెండు గంటలు కదలకుండా కూర్చోండి. తెలిసిన విషయాలను ఒకటిన్నర రెట్ల వేగంతో దాటించవచ్చు. ఈసీజీ, యాసిడ్–బేస్ (రక్తంలో ఆమ్ల–క్షార సమతుల్యం) వంటివాటిని మాత్రం మామూలు వేగంతో, మధ్యమధ్య ఆపి, కాగితం మీద గీసుకుంటూ చూడవలసిందే. మొత్తం పాఠాల్లో ఎన్ని శాతం అయ్యాయని చూపే గీతను పట్టించుకోకండి. తెలిసిన పాఠాన్ని వదిలేయడంలో తప్పేమీ లేదు.

మీ కోర్సులో లైవ్ క్లాసులు తప్పనిసరి అయితే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది. రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారో, డౌన్‌లోడ్ చేసుకునే వీలుందో లేదో నిర్వాహకులను ఇప్పుడే అడగండి. హాజరు కావలసిన తేదీలను డ్యూటీ జాబితా వేసే సీనియర్‌కు నెల ముందే రాసి ఇవ్వండి. జాబితా బయటికి వచ్చాక మార్పులు అడిగితే మీ బదులు ఆ రాత్రి నిలబడవలసినది మీ తోటి పీజీయే.