పాత డిస్కవరీ కొంటున్నారా? ‘ఉన్నది ఉన్నట్టు’ అని సంతకం పెట్టేముందు

ప్రశ్న: మాది హనుమకొండ. కుటుంబంతో కొండదారులు, మట్టిదారులు తిరగడానికి ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కోసం చూస్తున్నాను. హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి దగ్గర 2012 నాటి ల్యాండ్ రోవర్ డిస్కవరీ 4 డీజిల్ ఉంది. ఢిల్లీ రిజిస్ట్రేషన్, ధర 12 లక్షలు. ముందు బుల్‌బార్ (బంపర్ ముందుండే ఇనుప కమ్మీ), విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించి, పెద్ద టైర్లు వేసి ఉంది. ‘ఇంజిన్ ఒక్కసారి కూడా విప్పలేదు, 84 వేల కిలోమీటర్లే తిరిగింది’ అంటున్నాడు. ఒప్పంద పత్రంలో మాత్రం ‘ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను, తర్వాత ఎలాంటి క్లెయిమూ చేయను’ అని రాశాడు. ఈ మోడల్ ఇంజిన్ ఎప్పుడు పోతుందో తెలియదని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. కొన్నాక నిజంగానే ఇంజిన్ పోతే చట్టం నాకు అండగా ఉంటుందా?

జవాబు: ‘ఇంజిన్ పోయింది’ అన్నదొక్కటే మీ ఫిర్యాదైతే కేసు గట్టిగా నిలబడదు. ‘అమ్మినవాడు నాకు చెప్పిన ఫలానా మాట అబద్ధం’ అని చూపించగలిగితే నిలబడుతుంది. అందుకే డబ్బు చేతులు మారకముందే మీరు చేసుకోవాల్సిన పని చాలా ఉంది.

1930 నాటి వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ప్రకారం సరుకు మంచిచెడ్డలు చూసుకోవాల్సిన బాధ్యత మొదట కొనేవాడిదే. దానికి రెండు మినహాయింపులున్నాయి. ఏ పనికి కొంటున్నారో అమ్మేవాడికి చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, సరుకు ఆ పనికి తగినదై ఉండాలి. ఆ రకం సరుకుతో వ్యాపారం చేసేవాడి దగ్గర వర్ణన చూసి కొంటే, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలి. ఈ రెండు మినహాయింపులకూ మళ్లీ మెలికలున్నాయి. బ్రాండు పేరు పెట్టి ఫలానా బండే కావాలని కొంటే మొదటిది వర్తించదు. మీరు బండిని పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకు రెండోది వర్తించదు. పైగా పదమూడేళ్లు దాటిన బండికి ‘తగిన నాణ్యత’ అంటే కొత్త బండి నాణ్యత అని ఏ వినియోగదారుల కమిషనూ అనదు.

ఈ మోడల్‌కున్న చెడ్డపేరు కూడా మీకు ఎదురుతిరుగుతుంది. 3.0 లీటర్ల డీజిల్ ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) బేరింగులు అరిగి తిరిగిపోవడం, క్రాంక్‌షాఫ్టే విరగడం ఈ బండ్ల లోకంలో అందరికీ తెలిసిన సంగతి. ‘అంత తెలిసీ తక్కువ ధరకు కొన్నాడు’ అని అవతలి వకీలు మొదటి వాయిదాలోనే వాదిస్తాడు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 19లో కూడా ఒక మినహాయింపు ఉంది: అమ్మేవాడు తెలియక తప్పు చెప్పినా, తెలిసి మౌనంగా ఉండి మోసం చేసినా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలు మీకు ఉండి ఉంటే ఒప్పందాన్ని రద్దు చేసుకోలేరు. తెలిసీ నోటితో అబద్ధం చెప్పినవాడికి మాత్రం ఈ మినహాయింపు రక్షణ కాదు. కాబట్టి అతని చేత మాట చెప్పించాలి, ఆ మాటను కాగితం మీదికి ఎక్కించాలి.

‘ఉన్నది ఉన్నట్టు’ అన్న షరతు చెల్లదని చాలామంది అనుకుంటారు. చెల్లుతుంది. వస్తు విక్రయ చట్టం సెక్షన్ 16 ఇచ్చే రక్షణను ఒప్పందంతో తీసేసుకోవచ్చని అదే చట్టంలోని సెక్షన్ 62 చెబుతోంది. అయితే ఆ షరతు మోసాన్ని కప్పలేదు. మీటరు వెనక్కి తిప్పి 84 వేలు అని అమ్మితే, కింద ఎన్ని సంతకాలు తీసుకున్నా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద అది మోసమే. ఆ వాక్యాన్ని కొట్టేయమని అడగండి. ఒప్పుకోకపోతే దాని కిందనే ఇలా చేర్చమనండి:

‘మీటరు రీడింగ్ 84 వేల కిలోమీటర్లు వాస్తవమని, ఇంజిన్, గేర్‌బాక్స్ ఇంతవరకు విప్పలేదని, మార్చలేదని, వాహనం వరదనీటిలో మునగలేదని, ఇన్సూరెన్స్ కంపెనీ దీన్ని టోటల్ లాస్‌గా (బాగుచేయడానికి పనికిరానిదిగా) ప్రకటించలేదని, ముందు టైమింగ్ బెల్ట్, వెనుక ఫ్యూయల్ పంప్ బెల్ట్ ఫలానా తేదీన మార్చామని అమ్మకందారు హామీ ఇస్తున్నారు. కొండదారుల్లో ఫోర్‌వీల్ డ్రైవ్‌లో నడపడానికే కొంటున్నట్టు కొనుగోలుదారు తెలిపారు. పై హామీలలో ఏది అబద్ధమని తేలినా 15 రోజుల్లో పూర్తి సొమ్ము తిరిగి ఇచ్చి వాహనం వెనక్కి తీసుకుంటారు. పై షరతు ఈ హామీలకు వర్తించదు.’

దీని మీద సంతకం పెట్టడానికి వ్యాపారి వెనకాడితే ఆ బండి సంగతి మీకు అక్కడే తెలిసిపోతుంది. అన్నిటికీ ఒప్పుకొని ఒక్క బెల్టుల దగ్గర ఆగితే బెల్టులు మార్చలేదని అర్థం చేసుకుని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించండి. వెనుక బెల్టును చాలామంది మర్చిపోతారు, అందుకే రెండింటి బిల్లులూ విడివిడిగా అడగాలి.

ఇక పరీక్ష. వ్యాపారి చూపించిన మెకానిక్‌తో చేయించవద్దు. ల్యాండ్ రోవర్ స్కానర్ ఉన్న గ్యారేజీకి డబ్బు కట్టి, చాసిస్ నంబరు, తేదీ, మీటరు రీడింగ్ వేసిన రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే మొదటి స్టార్ట్ చూడాలి. మీరు వెళ్లేసరికి వేడిగా ఉంటే ఆ రోజు వచ్చేసి మరో పొద్దున వెళ్లండి. స్కానర్‌లో ఫాల్ట్ కోడ్‌లు (బండి కంప్యూటర్ నమోదు చేసుకునే లోపాల సంకేతాలు) లేవన్నంత మాత్రాన సరిపోదు. ‘కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం’ అన్న రీడింగ్ చూడమనండి. అది పది, ఇరవై కిలోమీటర్లే ఉంటే ఎవరో నిన్నమొన్ననే కోడ్‌లు చెరిపేశారన్నమాట. ఆ పేజీ ప్రింటు తీసుకోండి, రేపు మోసం నిరూపించాల్సివస్తే అదే మీ ఆధారం. ఆయిల్ ఫిల్టర్ విప్పి కోయిస్తే మడతల్లో మెరిసే లోహపు రజను ఉందో లేదో కనిపిస్తుంది. ఉంటే బేరింగులు అరుగుతూ ఉండవచ్చు. ఎయిర్ సస్పెన్షన్‌ను (గాలి ఒత్తిడితో బండిని ఎత్తే, దించే ఏర్పాటు) ఆఫ్‌రోడ్ ఎత్తుకు లేపి, నాలుగు చక్రాల దగ్గరా ఎత్తు కొలిచి రాసుకుని, రాత్రంతా వదిలేయండి. పొద్దునకల్లా ఒక మూల కుంగితే అక్కడ గాలి కారుతోంది. కారుతున్న గాలిని నింపడానికి కంప్రెసర్ ఆగకుండా తిరిగి చివరికి కాలిపోతుంది. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకును వాలులో పదిసార్లు వేసి తీయించండి. మీటరు నిజమో కాదో పాత సర్వీస్ బిల్లుల్లో, ఇన్సూరెన్స్ క్లెయిముల సర్వే రిపోర్టుల్లో ఉన్న రీడింగులతో పోల్చుకోవాలి.

ఇంత వివరంగా పరీక్షిస్తే పైన చెప్పిన మెలిక మీకే అడ్డం వస్తుందేమో అనుకోవద్దు. పరీక్షలో కనిపించిన లోపాలకు ధర తగ్గించుకుంటారు. ఇంజిన్ విప్పితే తప్ప కనిపించని లోపాలకు రాసిచ్చిన హామీ ఉంటుంది.

మీకు అమ్ముతున్నది ఎవరు? ఇది చాలామంది అడగని ప్రశ్న. ఆర్‌సీ ఢిల్లీ యజమాని పేరు మీద ఉంటుంది, డబ్బు వ్యాపారి తీసుకుంటాడు, గొడవ వస్తే ‘నేను మధ్యవర్తిని’ అంటాడు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు ఫారం 29బీలో అధీకృత ధ్రువపత్రం పొంది ఉండాలి; అది అయిదేళ్లు చెల్లుతుంది. యజమాని బండిని డీలరుకు అప్పగించినట్టు ఫారం 29సీలో తెలియజేస్తే, ఆ తర్వాత డీలరే యజమానిగా లెక్క. 29బీ నకలు, 29సీ రసీదు రెండూ అడగండి. ఒప్పందం, బిల్లు సంస్థ పేరు మీద ఉండాలి, సొమ్ము సంస్థ ఖాతాలోకే వెళ్లాలి. యజమాని సంతకం పెట్టిన ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పిడి ఫారాలు) మాత్రమే చేతిలో పెడితే వద్దనండి. నగదులో రెండు లక్షలు, ఆపైన తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది, అందులోనూ నగదు ఇస్తే ఆధారం ఉండదు. ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చేవరకు కనీసం లక్షన్నర ఆపిపెట్టుకోండి.

ఢిల్లీ బండి చవకగా రావడానికి కారణం ఉంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, ఆ చుట్టుపక్కల ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 29న దాన్నే అమలు చేయమంది. అమలు విషయంలో 2025లో సుప్రీంకోర్టు కొంత ఊరటనిచ్చింది. మీకు కావాల్సింది ఫారం 28లో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం). అందులో ఏ ఆర్‌టీఏ (రవాణా శాఖ కార్యాలయం) పేరు ఉందో చూడండి. మీ ఆర్‌టీఏ కాకుండా మరొకటి ఉంటే తిరగాల్సివస్తుంది. లోను ఉంటే అది తీరిందని తెలిపే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ కావాలి. కొన్న 30 రోజుల్లో పేరు మార్పిడికి, మన రాష్ట్రపు నంబరుకు ఫారం 27తో దరఖాస్తు చేయాలి. బండి దొంగదా కాదా అన్నది పోలీసుల ఆన్‌లైన్ వాహన విచారణలో, చలానాలు ఈ-చలాన్ సైటులో చూసుకోవచ్చు.

ఇక్కడ చాలామందికి దెబ్బ తగిలేది లైఫ్ ట్యాక్సుతో. అది మీరు పెట్టిన 12 లక్షల మీద కాకుండా 2012లోని ఇన్వాయిస్ ధర మీద, బండి వయసునుబట్టి తగ్గించిన శాతంతో లెక్కిస్తారు. అప్పట్లో అర కోటి దాటిన బండి కాబట్టి లెక్క లక్షల్లోకి వెళ్తుంది. ఇన్వాయిస్ నకలు పట్టుకుని ముందే ఆర్‌టీఏలో అడిగి, ఆ మొత్తం కలిపి బేరమాడండి. ఢిల్లీలో కట్టిన పన్నులో ఏమైనా రీఫండ్ వచ్చే వీలుంటే దరఖాస్తుకు పాత యజమాని సంతకం అవసరం కావచ్చు, దాన్ని కూడా ఒప్పందంలో రాయించండి. 2027లో పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్ నుంచి మామూలు కారుకు ఈ ఫీజు 5 వేలయితే, దిగుమతి కారుకు 40 వేలు. ఇది పూర్తిగా దిగుమతి అయిన బండి కనుక కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు కూడా చూడాలి. భూటాన్ నుంచి దొంగదారిన వచ్చాయన్న ఆరోపణతో 2025 సెప్టెంబరులో కొచ్చి కస్టమ్స్ అధికారులు పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లను స్వాధీనం చేసుకున్నప్పుడు, చిక్కుల్లో పడింది చివర కొన్నవాళ్లే.

బుల్‌బార్, విన్చ్, టైర్ల మీద మీరు అడగలేదు గానీ చెప్పాలి. బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52ను వివరిస్తూ సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. అదే చట్టం సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉండవచ్చు. మన నంబరు కోసం ఆర్‌టీఏలో బండి చూపించినప్పుడు అక్కడే ఆపేస్తారు. ఇవన్నీ విప్పించి, అసలు బంపర్, అసలు సైజు టైర్లు వేయించాకే డెలివరీ తీసుకోండి.

థర్డ్ పార్టీ బీమా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 157 ప్రకారం మీకు దానంతటదే బదిలీ అవుతుంది. సొంత నష్టం కవరు అలా రాదు, 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు మామూలు మోటారు పాలసీ డబ్బివ్వదు.

ఇన్ని చేశాక కూడా ఇంజిన్ పోయిందనుకోండి. ముందుగా దాన్ని విప్పించవద్దు. విప్పి బాగుచేయించేశాక లోపం ముందునుంచే ఉందని నిరూపించడం దాదాపు అసాధ్యం. బండిని గ్యారేజీలో పెట్టి, ‘15 రోజుల్లో మీ మనిషి సమక్షంలో విప్పుతాం, రండి’ అని స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. రాకపోతే ఇద్దరు సాక్షుల ముందు వీడియో తీస్తూ విప్పించి, విరిగిన భాగాలు భద్రపరచండి. వ్యాపారి వాట్సాప్‌లో పంపినవి డిలీట్ చేయవద్దు, ఫోనూ మార్చవద్దు. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వాటికి ధ్రువపత్రం జతచేయాలి.

వ్యాపారి మీద కేసు హనుమకొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, ఎందుకంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఫిర్యాదుదారు ఉండే చోట వేసే హక్కు ఇచ్చింది. 50 లక్షల లోపు కొనుగోళ్లు జిల్లా కమిషన్ పరిధిలోనివి. 12 లక్షల కొనుగోలుకు ఫీజు 400 రూపాయలు. గడువు రెండేళ్లు. బండిని అద్దెకు తిప్పితే మాత్రం మీరు వినియోగదారు కాదన్న వాదన వస్తుంది. ఢిల్లీ యజమాని దగ్గర నేరుగా కొంటే ఆయన వ్యాపారి కాదు కనుక సివిల్ కోర్టుకు వెళ్లాలి, గడువు మూడేళ్లు. మోసం జరిగితే అది బయటపడిన రోజు నుంచి లెక్కిస్తారు.