డ్రోన్ సంగతి తర్వాత చూద్దాం

అమ్మలూ,

భవనాల సర్వేకి డ్రోన్ అద్దెకు తీసుకోనా, ఖరీదైన జీపీఎస్ కొననా అని అడిగావు. ఇప్పటికి రెండూ వద్దు. ముందు ఇంట్లో కూర్చుని అయ్యే పని కానిచ్చెయ్.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తెరిచి నీ ప్రాంతం చూడు. 2004 నుంచి జనమే గీస్తూ వస్తున్న మ్యాప్ అది, సగం భవనాలు అప్పటికే ఉన్నా ఆశ్చర్యం లేదు. లేనివి శాటిలైట్ చిత్రం మీద గీసుకో. అందుకు మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ చిత్రాలకు అనుమతి ఉంది. గూగుల్ మ్యాప్స్ చూసి మాత్రం గీయకు, లైసెన్స్ ఒప్పుకోదు.

కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. ఎత్తైన భవనం చిత్రంలో ఒక పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది, ఉపగ్రహం సరిగ్గా దాని నెత్తిన ఉండదు కదా. పైకప్పు కనబడ్డ చోటే గీసి వదిలేస్తే ఆ భవనం రోడ్డు మీదికి వచ్చేస్తుంది. పైకప్పు గీసి, ఆ ఆకారాన్ని అలాగే జరిపి, గోడ నేలను తాకే చోట పెట్టు.

గీశాక ప్రతి భవనానికీ ఒక నంబరిచ్చి, కాగితం మీద ప్రింట్ తీసుకో. అట్ట, పెన్సిల్ పట్టుకుని బయల్దేరు. పెన్నయితే చెమటకీ చినుక్కీ అలుక్కుపోతుంది. వీధుల మధ్యనున్న ఒక్కో భవనాల గుంపునూ తీసుకుని, అది ఎప్పుడూ నీ కుడిచేతి వైపే ఉండేలా చుట్టూ తిరుగు, బయల్దేరిన మూలకే వచ్చి చేరతావు, ఒక్కటీ తప్పదు. ఆకాశం నుంచి కనబడనివే రాయి: అంతస్తులెన్ని, కింద దుకాణమా ఇల్లా, డోర్ నంబరెంత.

అంతస్తుల లెక్క ముందే తేల్చుకో. ఒకసారి నా జట్టులో ఒకడు కింది భాగాన్ని కలిపి లెక్కేశాడు, ఇంకొకడు కలపలేదు. ఇద్దరూ రాసింది ‘రెండంతస్తులు’ అనే! ఎవరిది ఏదో తెలియక వీధులన్నీ మళ్లీ తిరిగాం. నేల అంతస్తును కూడా కలిపి లెక్కపెట్టు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పద్ధతీ అదే.

ఫోన్‌లో నీలం చుక్కను నమ్ముకోకు. ఆరుబయట అయిదారు మీటర్ల తేడాతో పోతుంది గానీ, ఎత్తైన గోడల మధ్య సిగ్నల్ వాటికి తగిలి తిరిగొస్తుంది, నిన్ను అవతలి వీధిలో చూపిస్తుంది. మూల నుంచి ఎన్నో భవనమో లెక్కపెట్టుకోవడమే మేలు. ఫోన్ ఫొటోలకు వాడు. ముందు నీ షీటును ఒక ఫొటో తియ్యి, తర్వాత భవనాలను, అప్పుడు ఏది ఏ షీటుదో కలవరపడవు. పదింటికి ఒక్క భవనం వెడల్పయినా టేపుతో కొలిచి, గీసినదానితో సరిచూడు.

ఎందుకు రాస్తున్నావని అడుగుతారు. విసుక్కోకుండా చెప్పు, యజమానుల పేర్లు రాయకు. హద్దు తగాదాకి ఈ మ్యాప్ కావాలని ఎవరైనా వస్తే ఇవ్వకు. అది లైసెన్సున్న సర్వేయర్ పని.

రాసినవి ఏ రోజువి ఆ రాత్రే, కంప్యూటర్లో మ్యాపులు చేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఎక్కించు, అదీ ఉచితమే. రేపటికి వదిలేస్తే నీ రాత నీకే అర్థం కాదు. మొదటి షీటు పూర్తవగానే ఫొటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న